సిలికాన్ వేరు, సిలికోన్ వేరు

కొన్నేళ్ల క్రితం నేను అనువదించిన ఒక వ్యాసం చదివి ఇంటర్మీడియట్ విద్యార్థిని ఒకామె ఉత్తరం రాసింది. "సిలికాన్ అర్ధవాహకమని మా భౌతికశాస్త్రం పుస్తకంలో ఉంది. హైటెన్షన్ లైన్లకు సిలికాన్ రబ్బరు ఇన్సులేటర్లు వాడతారని మీరు రాశారు. అర్ధవాహకం బంధకంగా ఎలా పనికొస్తుంది? పాలసీసా పీకకూ, కంప్యూటర్ చిప్పుకూ ఒకటే పదార్థమా?" అని అడిగింది.

ప్రశ్న సరైనదే. తప్పు నాది. ఇంగ్లీషులో చివర ఒక్క అక్షరం తేడా ఉన్న రెండు పేర్లను తెలుగులో ఒకే మాటగా రాసేశాను. మూలకం పేరు సిలికాన్. రబ్బరు, నూనె, గ్రీజు రూపాల్లో దొరికే పదార్థాల పేరు సిలికోన్. మన ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం పుస్తకాలు 'సిలికోన్' అనే రాస్తాయి. అయితే ఆ జాగ్రత్త తరగతి గది దాటి రావడం లేదు. పత్రికల్లోనూ, హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ, వంటపాత్రల ప్రకటనల్లోనూ అన్నీ 'సిలికాన్' అయిపోయాయి.

ఉచ్చారణలో చిన్న తేడాకు ఇంత రాద్ధాంతం ఎందుకని కొందరు అడగవచ్చు. పేర్లు కలిసిపోతే పదార్థాలు కూడా మన బుర్రలో కలిసిపోతాయి. ఆ విద్యార్థినికి జరిగింది అదే.

ఒక పదార్థం గుణాలు అందులో ఏ మూలకం ఉందన్న దానితోనే తేలిపోవు. ఆ పరమాణువు చుట్టూ ఎవరున్నారో కూడా చూడాలి. శుద్ధమైన సిలికాన్‌లో ప్రతి పరమాణువుకూ నలుగురు పొరుగువాళ్లు; నలుగురూ సిలికాన్ పరమాణువులే. వజ్రంలోని కార్బన్ మాదిరిగా ఇవి స్ఫటికంగా అమరుతాయి. చిప్పులకూ, సౌరఫలకాలకూ వాడే అర్ధవాహకం ఇదే. సిలికాలో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులుంటాయి. ప్రతి ఆక్సిజనూ రెండు సిలికాన్ల మధ్య వంతెనగా నిలిచి, అన్ని దిక్కులా వల అల్లుతుంది. పలుగురాయి గట్టిదనానికి కారణం ఈ వలే. సాధారణ సిలికోన్‌లో సిలికాన్‌కు ఆక్సిజన్లు రెండే. మిగిలిన రెండు చోట్లా మిథైల్ సమూహాలుంటాయి. అందువల్ల వల ఏర్పడదు, సిలికాన్, ఆక్సిజన్, సిలికాన్, ఆక్సిజన్ అంటూ పొడవైన గొలుసు ఏర్పడుతుంది.

సిలికోన్ గుణాలన్నీ ఈ అమరిక నుంచే వస్తాయి. మన పాఠ్యపుస్తకాల మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలవుతుంది. 'నీటిని వికర్షిస్తాయి, వేడిని తట్టుకుంటాయి, విద్యుద్బంధకాలు' అని మూడు ముక్కల్లో రాసి, కింద ఉపయోగాల జాబితా ఇస్తారు. విద్యార్థి వాటిని బట్టీపట్టి పరీక్షలో అప్పజెబుతాడు. ఎందుకు అన్న ప్రశ్నకు మాత్రం చోటుండదు.

కారణాలు కష్టమైనవి కావు. సిలికాన్–ఆక్సిజన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 450 కిలోజౌళ్ల శక్తి కావాలి. మామూలు ప్లాస్టిక్ గొలుసుల్లోని కార్బన్–కార్బన్ బంధానికి దాదాపు 350 చాలు. అందుకే సిలికోన్ రబ్బరు 200 డిగ్రీల సెల్సియస్ వేడిని కూడా ఓర్చుకుంటుంది. ఆక్సిజన్ దగ్గర గొలుసు సులభంగా వంగుతుంది, తిరుగుతుంది. కాబట్టి మైనస్ 50 డిగ్రీల చలిలోనూ ఆ రబ్బరు మెత్తగానే ఉంటుంది. ఇక మిథైల్ సమూహాలు బయటివైపు తిరిగి గొలుసుకు ముసుగు కప్పినట్లుంటాయి. వాటికీ నీటికీ పొత్తు కుదరదు.

ఉత్తరంలోని మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఈ గొలుసులో లేవు కనుక సిలికోన్ బంధకం. ఆ మాటకొస్తే పింగాణీ కూడా బంధకమే. అయితే సముద్రతీరంలో పింగాణీ మీద ఉప్పు, దుమ్ము పేరుకుంటాయి. మంచు కురిస్తే ఆ తడి ఒక పొరలా పరుచుకుని, దాని మీదుగా కరెంటు పాకుతుంది. సిలికోన్ మీద నీరు తామరాకు మీద లాగా చుక్కలుగా నిలుస్తుంది. పొర ఏర్పడదు, దారి తెగిపోతుంది. పైగా రబ్బరులోని చిన్న గొలుసులు మెల్లగా పైకి వచ్చి, పేరుకున్న దుమ్మును కూడా నీరంటని దానిగా మారుస్తాయి. జాబితాలో 'బంధకం' అన్న ఒక్క మాట వెనుక ఇంత కథ ఉంది.

పేరు విషయంలో మొదట పొరపడింది మనం కాదు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ ఈ సమ్మేళనాలను తయారుచేశాడు. అవి కీటోన్లకు సాటివని భావించి 'సిలికోన్' అని పేరు పెట్టాడు. కీటోన్‌లో కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య ద్విబంధం ఉంటుంది. సిలికాన్ అలాంటి ద్విబంధాన్ని మామూలు పరిస్థితుల్లో నిలుపుకోలేదు, గొలుసులు కడుతుంది. 1937లో అచ్చయిన తన ఉపన్యాసంలో కిప్పింగ్ ఈ రంగంలో సమీప భవిష్యత్తులో పెద్ద పురోగతి వచ్చే ఆశ కనిపించడం లేదన్నాడు. కొద్ది ఏళ్లకే, 1940లో, అమెరికాలో యూజీన్ రోకో రాగి ఉత్ప్రేరకంతో సిలికాన్ పొడి మీదుగా వేడి మిథైల్ క్లోరైడ్‌ను పంపి డైమిథైల్ డైక్లోరోసిలేన్ తయారుచేశాడు. దానికి నీరు కలిపితే క్లోరిన్ పోయి గొలుసు మొదలవుతుంది. నేటికీ సిలికోన్ పరిశ్రమకు ఆధారం ఈ పద్ధతే. కిప్పింగ్ పెట్టిన పేరు తప్పే అయినా స్థిరపడిపోయింది. కనీసం ఆ పేరునైనా మూలకం పేరుతో కలపకుండా ఉంచుకోవాలి.

కలిపితే లాభపడేవాళ్లు ఉన్నారు. "ఇసుక నుంచి పుట్టింది, ప్రకృతి సిద్ధం" అంటూ వంటింటి అచ్చులను, గరిటెలను అమ్మే ప్రకటనలు చూడండి. మొదటి సగం కొంతవరకు నిజం. పలుగురాయిని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో సుమారు 2,000 డిగ్రీల వేడిమిలో కాల్చి సిలికాన్ తీస్తారు. రెండో సగం నిలబడదు. మిథైల్ సమూహాలు ఇసుక నుంచి రావు. అవి మిథనాల్ నుంచి, అది ఎక్కువగా సహజవాయువు, బొగ్గుల నుంచి వస్తాయి. మీరే లెక్కవేయండి: గొలుసులోని ఒక కణుపులో సిలికాన్ 28, ఆక్సిజన్ 16, రెండు కార్బన్లు 24, ఆరు హైడ్రోజన్లు 6, మొత్తం 74. అంటే బరువులో దాదాపు మూడోవంతు కార్బనే. వాడి పారేస్తే ఇది కూరగాయల తొక్కలా మట్టిలో కుళ్లిపోదు.

అలాగని సిలికోన్ అనగానే భయపడనక్కర్లేదు. ఇక్కడా పేరు చూసి మాట్లాడాలి. షాంపూల వంటి కడిగేసే సౌందర్య సాధనాల్లో డి4, డి5 అనే చిన్న వలయాకార సిలోక్సేన్‌లను 0.1 శాతానికి మించి వాడకుండా యూరోపియన్ యూనియన్ 2020 నుంచి కట్టడి చేసింది. 2024లో డి6ను కూడా చేర్చి, ఒంటికి రాసి వదిలేసే సాధనాలకూ ఆ నియమాన్ని విస్తరించింది. ఆ వలయాలు నీటిలో, జీవుల్లో చాలాకాలం నిలిచిపోతాయన్నది కారణం. ఈ వార్తను 'సిలికాన్‌పై నిషేధం' అని రాస్తే చదివినవారు గరిటెను భయంగా చూస్తారు, చిప్పును అనుమానిస్తారు, అసలు విషయం తెలుసుకోరు.

ఆ విద్యార్థినికి క్షమాపణతో జవాబు రాశాను. అప్పటి నుంచి అనువాదం పూర్తయ్యాక ఈ మూడు మాటల కోసం మరోసారి వెతుకుతాను: సిలికాన్, సిలికా, సిలికోన్. మీరు కూడా ఇంట్లో ఉన్న సీసాల లేబుళ్లు తిప్పి చూడండి. పేరు చివర 'మెథికోన్' అనో 'సిలోక్సేన్' అనో ఉంటే అది సిలికోన్ కుటుంబం. చెప్పుల పెట్టెలో చెమ్మ పీల్చే పొట్లంలోది సిలికా. ఫోను లోపల ఉన్నది సిలికాన్. ఈసారి పత్రికలో ఈ మాటలు తారుమారైతే సంపాదకుడికి ఒక ఉత్తరం రాయండి. నన్ను దిద్దింది అలాంటి ఉత్తరమే.