బాస్క్ జానపద సంగీతం: ప్రాచీనత అనే కొలమానం

స్పెయిన్, ఫ్రాన్స్ దేశాల సరిహద్దున, పిరనీస్ పర్వతాల పడమటి కొసన నివసించే బాస్క్ ప్రజల భాష ఎవుస్కరా. ఇండో-యూరోపియన్ కుటుంబంతోగానీ, నేడు వ్యవహారంలో ఉన్న మరే భాషతోగానీ దానికి బంధుత్వం నిరూపితం కాలేదు. భాషకున్న ఈ ప్రాచీనతను సంగీతానికి కూడా ఆపాదించడం ఒక అలవాటుగా స్థిరపడింది. ఎంత పాతదైతే అంత స్వచ్ఛమైన బాస్క్ సంగీతమన్న భావనకు మూలం ఇదే. ఈ కొలమానం బాస్క్ జానపద సంగీతానికి ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1912లో బాస్క్ ప్రాంతీయ పరిషత్తులు జానపద గీతాల సేకరణకు పోటీ ప్రకటించాయి. అందులో ప్రథమ బహుమతి రెసురెక్సియోన్ మరియా దె అస్కుయెకు, ద్వితీయ బహుమతి ఐతా దొనోస్తియాకు లభించాయి. మొదటివారు క్యాథలిక్ అర్చకుడు, 1919లో ఏర్పడిన బాస్క్ భాషా అకాడమీకి తొలి అధ్యక్షుడు. రెండవవారు కపుచిన్ సన్యాసి, సంగీత రచయిత. అస్కుయె సంకలనంలోనే 1,001 గీతాలున్నాయి. వీరి శ్రమ లేకపోతే ఆ గీతాలలో అధికభాగం నేడు మనకు దక్కేది కాదన్నది నిర్వివాదాంశం. అయితే స్వరలిపిలోకి ఎక్కిన పాట గాయకుడి నుంచి, సందర్భం నుంచి విడివడుతుంది. అనేక రూపాలలో తిరుగుతున్న పాటకు అచ్చులో ఒకే రూపం మిగులుతుంది. తరువాతివారికి ఆ రూపమే ప్రమాణమైంది.

ఇదే కాలంలో మరొక వాద్యానికి భిన్నమైన ఆదరణ లభించింది. 19వ శతాబ్ది చివర బాస్క్ పల్లెలకు చేరిన చిన్న అకార్డియన్, చేతితో వాయించే పందేరో కలిసి త్రికితిషా అనే నృత్యసంగీతమైంది. యువతీయువకులు దగ్గరగా చేరి ఆడే నృత్యాలకు ఇది తోడవుతున్నదని మతాచార్యులు అకార్డియన్‌ను ‘నరకపు కొలిమితిత్తి’ అని నిందించారు. వాద్యం పరాయిది, కాలం కొత్తది, నృత్యం అనుచితం. ఈ మూడు అభ్యంతరాలూ ఉన్న త్రికితిషా నేడు బాస్క్ సంగీతానికి గుర్తుగా చెప్పుకొనే ప్రక్రియలలో ఒకటి. ఈ ఒక్క ఉదాహరణతోనే ప్రాచీనతావాదం బలహీనపడుతుంది.

బెర్త్సొలారుల ఆశుగానం ఈ సమస్యను మరింత లోతుకు తీసుకెళ్తుంది. సభలో ఇచ్చిన విషయంపై అప్పటికప్పుడు ఛందోబద్ధంగా పద్యం కట్టి పాడేవారిని బెర్త్సొలారులంటారు. సొర్త్సికో అందియా అనే ఛందస్సులో పది, ఎనిమిది అక్షరాల పాదాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి, నాలుగుచోట్ల అంత్యప్రాస కుదరాలి. బెర్త్సొలారి ముందుగా చివరి పాదాన్ని మనసులో సిద్ధం చేసుకొని, అక్కడికి చేరేలా పై పాదాలను అల్లుతాడు. అవధాన సభలెరిగిన తెలుగు పాఠకులకు విషయం ఇచ్చే వ్యక్తిని చూడగానే పృచ్ఛకుడు గుర్తుకు రావడం సహజం. కానీ ఇక్కడ పద్యం పుట్టడమే పాటగా పుడుతుంది, పైగా రాగం గాయకుడి సొంతం కాదు. శ్రోతలకు ముందే తెలిసిన రాగాన్ని ఎన్నుకొని అందులో కొత్త మాటలు నింపుతాడు. రాగం పాతదైనా పద్యం వయస్సు కొన్ని క్షణాలే. దీనిని ఏ కాలానికి చెందిన సంగీతమనాలి?

ఈ ప్రక్రియ మారకుండా నిలిచినదీ కాదు. 1935లో బసార్రి గెలిచిన తొలి పోటీ, మరుసటి ఏడాది రెండవ పోటీ జరిగాక అంతర్యుద్ధం, ఫ్రాంకో నియంతృత్వం అడ్డుపడ్డాయి. పోటీ తిరిగి 1960లోగానీ జరగలేదు. 1980లో విజేత అయిన షబియెర్ అమురిసా ఆశుకవిత్వం పుట్టుకతో వచ్చే విద్య కాదని, నేర్పదగినదని వాదించి ప్రాసనిఘంటువు రూపొందించాడు. పాఠశాలలలో శిక్షణ విస్తరించాక, పురుషులదిగా భావించిన వేదికపై 2009లో మైయాలెన్ లుహాంబియో విజేతకిచ్చే టోపీని ధరించిన తొలి మహిళ అయింది. శాస్త్రీయశిక్షణ సంప్రదాయాన్ని చంపుతుందని భయపడేవారు ఈ చరిత్రను శ్రద్ధగా చదవాలి.

ప్రాచీనతావాదానికి అత్యంత ప్రియమైన వాద్యం చలపర్త. ఆధారాలపై అడ్డంగా పరచిన చెక్కపలకపై ఇద్దరు వాదకులు నిలువుగా పట్టిన కర్రలతో కొడతారు. ఆపిల్ పళ్ళను దంచి రసం తీసే పని ముగిశాక, విందు వేళ రాత్రి దీనిని వాయించేవారు. ఇద్దరిలో ఒకరు ‘త్యకున్’, అంటే క్రమబద్ధమైన జంట దెబ్బల లయను నిలబెడతారు. రెండవవారి పాత్ర ‘ఎర్రెన్’. ఆ మాటకు కుంటి అని అర్థం. మొదటివారు నిలిపిన సమతూకాన్ని రెండవవారు చెదరగొట్టాలి. సంగీతం ఆ చెదిరిన చోట మొదలవుతుంది. ఇది ఒంటరిగా సాధ్యం కాని కళ, ముందే రాసిపెట్టుకోదగినదీ కాదు. ఇది చరిత్రపూర్వ యుగానిదనే ప్రచారం విరివిగా ఉన్నా, దానిని సమర్థించే లిఖితాధారం లేదు.

1960ల నాటికి చలపర్త వాయించేవారు దాదాపు కనుమరుగయ్యారు. లసార్తెకు చెందిన సువస్నబార్ సోదరులు, అస్తిగర్రాగకు చెందిన గొయికొఎచెయా సోదరులు మిగిలారు. ఉసుర్బిల్‌కు చెందిన హొషియాన్, హెసుస్ ఆర్తసె సోదరులు ఈ కళను నేర్చి, ‘ఎస్ దొక్ అమైరు’ అనే కళాకారుల బృందంతో కలిసి నగర వేదికలకు చేర్చారు. ఆపిల్ గానుగ దగ్గరి ధ్వని నియంతృత్వ కాలపు సభామందిరంలోకి వచ్చినప్పుడు దాని అర్థమే మారిపోయింది. హొషియాన్ ఆర్తసె కవి కూడా. ఆయన కవితకు మికెల్ లబొవా స్వరం కట్టిన ‘చొరియా చొరి’ ఈనాడు జనం గుంపులుగా పాడుకొనే గీతం. కవి పేరు, స్వరకర్త పేరు తెలిసినా అది జానపదంలో కలిసిపోయింది. అనామకత్వం జానపదానికి తప్పనిసరి లక్షణమనే పాఠ్యపుస్తక నిర్వచనం ఈ పాట ముందు నిలవదు.

2006లో వచ్చిన ‘నోమదక్ తిఎక్స్’ అనే డాక్యుమెంటరీ చిత్రంలో ఒరెకా తిఎక్స్ జంట చలపర్తతో భారతదేశపు ఆదివాసుల వద్దకు, మంగోలియాకు, సహారాకు, ఉత్తరాన సామీ ప్రజల వద్దకు ప్రయాణిస్తుంది. సంచారజాతులన్నింటికీ ఏదో ఆదిమ బంధం ఉన్నట్లు చూపే దాని ధోరణితో ఈ వ్యాసకర్త ఏకీభవించలేడు. ఆ చూపులో ఎదుటివారి సంగీతానికున్న ప్రత్యేకచరిత్ర మసకబారుతుంది. అయితే సామీల నేలపై మంచుదిమ్మలతో పలకలు చేసి వాయించిన సన్నివేశం వేరు. అక్కడి పలకకు వయస్సు లేదు, కరిగేదాకానే ఉంటుంది. వాయిస్తున్నది మాత్రం చలపర్తే.