తప్పు బిళ్ల, తప్పు బొమ్మ

నాలుగేళ్ల కిందట బెంగళూరులో ఒక నాణేల ప్రదర్శనలో 1943 నాటి అమెరికా సెంటు కొన్నాను. తెల్లగా ఉంది, అంచు మాత్రం తుప్పు పట్టింది. జింకు పూత పూసిన ఉక్కు రేకులోంచి బిళ్లలు కోసేవారు కాబట్టి కోసిన అంచుకు పూత ఉండదు. అమ్మినాయన అయస్కాంతం దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంది. 1943లో అక్కడి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం అమెరికా సైన్యం చేతిలో ఉండేది. ఏ సైనికుడి జేబులోంచి జారిందో అనుకుంటూ తెచ్చుకున్నాను.

రాగి తూటాలకు కావాల్సి వచ్చి, అమెరికా ఆ ఒక్క ఏడాది సెంటును ఉక్కుతో కొట్టింది. కానీ 1942 నాటి కంచు బిళ్లలు కొన్ని తొట్టెల్లో ఇరుక్కుపోయి, 1943 అచ్చు కిందికి వచ్చేశాయి. డాన్ లూట్స్ అనే కుర్రాడికి 1947లో స్కూలు క్యాంటీన్ చిల్లరలో దొరికిన కంచు సెంటు 2019 వేలంలో 2,04,000 డాలర్లు పలికింది. 1944లో తప్పు తిరగబడింది. రాగి తిరిగొచ్చినా కొన్ని 1944 సెంట్లు ఉక్కు మీద పడ్డాయి. ఆ ఏడాది ఫిలడెల్ఫియా టంకశాల మిగిలిపోయిన ఉక్కు బిళ్లల మీదే బెల్జియం కోసం రెండున్నర కోట్ల రెండు ఫ్రాంకుల నాణేలు కొట్టింది. బెల్జియానికని పక్కన పెట్టిన బిళ్లలే కొన్ని సెంట్ల అచ్చు కింద పడి ఉంటాయని నాణేల పండితుల్లో కొందరి మాట. అంటే పరదేశపు బిళ్ల అని పేరుపడ్డది పుట్టుకతో సెంటు బిళ్లే!

దీని పక్కన మన కలకత్తా నాణెం పెట్టి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్ టంకశాలకు పని మోయలేనంత అయితే, ఆస్ట్రేలియా చిల్లర కొట్టే పని కలకత్తాకు వచ్చింది. 1916లో అక్కడ 36 లక్షల అరపెన్నీలు కొట్టారు. గుర్తుగా 'ఐ' అక్షరం వేశారు. మన కాణీ, వాళ్ల అరపెన్నీ దాదాపు ఒకే సైజు. రెండింటి మీదా కిరీటం పెట్టుకున్న అయిదో జార్జే. ఆ పోలికే ముంచింది. ఒకసారి బొరుసు వైపు అరపెన్నీ అచ్చు, బొమ్మ వైపు కాణీ అచ్చు బిగించేశారు. రాజు చుట్టూ లాటిన్ అక్షరాలు ఉండాల్సిన చోట ఇంగ్లీషులో 'జార్జ్ V కింగ్ ఎంపరర్' అని పడింది. ఆస్ట్రేలియా జనం దాన్ని మామూలు చిల్లరలాగే వాడుకున్నారు. 1960ల దాకా ఎవరూ గమనించలేదు. ఇవాళ తెలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పేరూ, ధరా అమెరికా సెంటువే. దాన్ని తక్కువ చేయను, యుద్ధకాలపు లోహపు కరువును అంత సూటిగా చూపే వస్తువు మరొకటి లేదు. కానీ దాని తేడా లోహంలోనే ఉంది. ముఖం చూస్తే అన్ని సెంట్ల లాంటిదే. అందుకే నకిలీలు కుప్పలు: ఉక్కు సెంటుకు రాగి పూత పూస్తారు, 1948లోని 8ని చెక్కి 3 చేస్తారు. పూత పూసినవాటిని అయస్కాంతం పట్టిస్తుంది, చెక్కినవాటికి భూతద్దం కావాలి. కలకత్తా నాణేన్ని మాత్రం చదివితే చాలు. ఒక దేశపు సంతలో తిరగాల్సిన రాజు ముఖం ఇంకో దేశపు అరపెన్నీ ఎక్కింది, కొలత కుదిరింది కాబట్టి చెల్లిపోయింది. సామ్రాజ్యం తన వలసలను ఎలా చూసిందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన చిల్లర నేనెరుగను.

రెండో యుద్ధానికి మన జవాబు పొరపాటు కాదు, చిల్లు. 1943లో వచ్చిన చిల్లి కాణీ రెండు గ్రాములు, పాత కాణీ దాదాపు అయిదు. నడుమ మిగిల్చిన ఆ రాగే ఆ కాలపు కథ.

నా తీర్పు కలకత్తా వైపే. 1916 నాటి అరపెన్నీ ఎప్పుడైనా మీ చేతికొస్తే, తూచకముందు బొమ్మ వైపు తిప్పి అక్షరాలు చదవండి.