బాబుపేట్ ఎండకు తట్టుకునే కంప్యూటర్

చంద్రపూర్‌లో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటడం ఎవరికీ వార్త కాదు. 47, 48 నమోదైన ఏళ్లూ ఉన్నాయి. ఆ ఊరి బాబుపేట్ వాడలో స్లాబు కింద, కూలర్ లేని గదిలో గాలే 40 దాటి ఉంటుంది. ఆ గదిలో నడిచే కంప్యూటర్ ఎంత వేడెక్కుతుందో లెక్క కట్టడం తేలిక. ప్రాసెసర్ మీద ఉండే ఫ్యాన్ అక్కడి వేడిని గదిలోకి తోలగలదు గానీ, గది కంటే చల్లగా చేయలేదు. 25 డిగ్రీల ఏసీ గదిలో 70 చూపించే ప్రాసెసర్ 42 డిగ్రీల గదిలో అదే పని చేస్తూ దాదాపు 87 చూపిస్తుంది. యూట్యూబ్‌లో జనం నమ్మకంగా చూసే సమీక్షల్లో చాలావరకు మొదటి గదిలో చేసినవే. బాబుపేట్ కుర్రాడు మాత్రం రెండో గది కోసం కొంటున్నాడు.

వేడికి తోడు దుమ్ము. ఊరి చుట్టూ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ బొగ్గు గనులు, పక్కనే 2920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో వేసిన కాలుష్య సూచీలో చంద్రపూర్‌కు 83.88 మార్కులు వచ్చాయి, కాలుష్యంలో దేశంలో నాలుగో స్థానం. తుడిచిన బల్ల మీద మర్నాటికి మళ్లీ నల్లటి పొర ఎందుకు పేరుకుంటుందో ఇక్కడి ఇల్లాళ్లకు ఏ సూచీ చెప్పనక్కర్లేదు. ఆ పొరే క్యాబినెట్ లోపలా పేరుకుంటుంది.

తక్కువ డబ్బుతో సొంతంగా కంప్యూటర్ కట్టుకునేవాళ్లు దాదాపు అందరూ ముందు ప్రాసెసర్ ఎంచుకుంటారు. మిగిలిన డబ్బుతో తక్కినవి సర్దుకుంటారు. ఈ ఊళ్లో ఆ వరస తిరగేయాలి. ముందు కరెంటు ఎక్కడి నుంచి, ఎలా వస్తుందో చూడాలి, తర్వాత గాలి దారి చూడాలి, ప్రాసెసర్ సంగతి ఆ తర్వాత.

అసలు విడి పార్టులు కొని ఇంట్లో బిగించుకోవడం ఎలా సాధ్యమైంది? ఐబీఎం 1981లో తన పీసీని ఎక్కువగా బయట దొరికే పార్టులతో కట్టి, దాని లోపలి అమరికను దాచకుండా బయటపెట్టింది. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ కొలతలు తెచ్చింది. బోర్డు ఎంత ఉండాలి, స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలి, సప్లై ఎలా అమరాలి అన్నవి అప్పటి నుంచి అందరికీ ఒకటే. అందుకే తైవాన్ బోర్డు, కొరియా ర్యామ్, నాగపూర్‌లో కొన్న క్యాబినెట్ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబై లామింగ్టన్ రోడ్ ఈ కొలతల మీదే బతికాయి. పుస్తకాల్లో లేకపోయినా చేతి నుంచి చేతికి అందుతూ వచ్చిన విద్య ఇది. ఏ లేబుల్ నమ్మాలో, ఏది నమ్మకూడదో తెలియడమే ఇందులో సగం పని.

లేబుల్ చదవడం ఎస్‌ఎంపీఎస్, అంటే పార్టులకు కరెంటు అందించే సప్లై డబ్బా దగ్గరే మొదలుపెట్టాలి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంటుంది. దాన్ని వదిలేసి, పక్కన అంటించిన చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడాలి. అక్కడ 15 ఆంపియర్లు అని ఉంటే 12ను 15తో హెచ్చించండి: 180 వాట్లు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ తినేదంతా దాదాపు ఆ 12 వోల్టుల తీగ నుంచే. పెంటియం 4 కాలంలో, 2000లో ఏటీఎక్స్12వీ అనే సప్లై ప్రమాణం వచ్చినప్పటి నుంచి బరువు అటు మళ్లింది. చౌక సప్లైలు మాత్రం 3.3, 5 వోల్టుల లెక్కలు కూడా కలిపేసి పెద్ద అంకె అచ్చేస్తాయి. మంచి 450 వాట్ల సప్లై పట్టికలో 12 వోల్టుల దగ్గర 36 ఆంపియర్ల వరకు కనబడుతుంది, అంటే 432 వాట్లు. చేతిలో పట్టుకుంటే బరువులోనే తేడా తెలుస్తుంది. లోపల సరైన ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్, ఫిల్టర్లు ఉన్న డబ్బా బరువుంటుంది.

80 ప్లస్ బ్రాంజ్ ముద్ర మంచిదే. 2004లో మొదలైన 80 ప్లస్ గుర్తింపు, గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత వృథా కాకుండా కంప్యూటర్‌కు చేరుతుందో చెబుతుంది. కానీ ఆ పరీక్ష 23 డిగ్రీల దగ్గర జరుగుతుంది. వేడిలో ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఆ ముద్ర చెప్పదు. అది తెలియాలంటే కెపాసిటర్ల సంగతి చూడాలి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఇంకిపోతుంది. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. ఆ లెక్కన, తక్కినవన్నీ సమానమైతే, 85 డిగ్రీల కెపాసిటర్ కంటే 105 డిగ్రీల కెపాసిటర్ నాలుగు రెట్లు నిలుస్తుంది. మంచి కంపెనీలు ‘105 డిగ్రీల కెపాసిటర్లు’ అని పెట్టె మీదే రాసుకుంటాయి. రాయని చోట వారంటీ ఏళ్లు చూడాలి: అయిదేళ్లు ఇచ్చేవాడికి తన డబ్బా మీద నమ్మకం ఉన్నట్టే, ఒక ఏడాదితో సరిపెట్టేవాడి సంగతి వేరుగా చెప్పనక్కర్లేదు.

కెపాసిటర్లు చెడితే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి పెద్ద ఎత్తునే చూసింది. 2000ల మొదట్లో లోపమున్న ద్రవంతో తయారైన కెపాసిటర్లు ఎన్నో కంపెనీల బోర్డుల్లోకి చేరాయి. 2003 నుంచి 2005 మధ్య డెల్ అమ్మిన ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లలో అవి ఉబ్బి, కారి, బోర్డుల్ని పాడుచేశాయి. అంత పెద్ద కంపెనీయే ఆ పార్టుతో మోసపోయింది. ఈ రోజుకీ పాత బోర్డు కొనేవాళ్లు ముందు కెపాసిటర్ల నెత్తులు చూస్తారు. చదునుగా ఉంటే సరే, ఉబ్బితే పక్కన పెట్టేస్తారు.

సప్లై లేబుల్ మీద ఇంకో వరస ఉంటుంది, దాన్ని దాదాపు ఎవరూ చదవరు. ఇన్‌పుట్ 100–240 వోల్టులా, 200–240 వోల్టులా? ఎండాకాలం సాయంత్రం వీధిలో కూలర్లన్నీ ఒకేసారి తిరిగే వేళ వోల్టేజీ పడిపోయే ఇళ్లకు మొదటి రకమే కావాలి. 180 వోల్టులకు దిగినా అది పట్టించుకోదు. యూపీఎస్ కొనేటప్పుడు వోల్టేజీ సర్దే లైన్ ఇంటరాక్టివ్ రకం తీసుకోవాలి. 600 వీఏ అని రాసినదాని అసలు బలం చాలావరకు 360 వాట్లే అని గుర్తుంచుకోవాలి.

ఇక ఎర్తింగ్. క్యాబినెట్ రేకు మీద చెయ్యి పెడితే జివ్వుమంటుందని చాలామంది చెబుతారు, ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందని మార్చేస్తారు కూడా. చాలాసార్లు సప్లైలో తప్పుండదు. ప్రతి మంచి సప్లైలోనూ కరెంటులోని చప్పుడును వడపోసే చిన్న కెపాసిటర్లు రెండు తీగల నుంచీ రేకుకు కలిపి ఉంటాయి. ఎర్త్ తీగ ఉంటే ఆ కాస్త లీకు నేలలోకి పోతుంది. లేకపోతే రేకు మీద మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలబడుతుంది. ప్రాణం తీసేంత కరెంటు అందులో ఉండదు గానీ, యూఎస్‌బీ పోర్టులకూ ఆడియోకూ అది మంచిది కాదు. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా పైరంధ్రం వెనక తీగే లేని గోడలు బోలెడు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించడానికి అయ్యే ఖర్చు గ్రాఫిక్స్ కార్డు ఖర్చులో చిన్న ముక్క. మొత్తం కంప్యూటర్‌లో ఇంతకన్నా లాభసాటి ఖర్చు ఇంకోటి లేదు.

క్యాబినెట్ ఎంపికలో అందమే జనాన్ని దారి తప్పిస్తోంది. ముందంతా గాజు పలక, లోపల రంగురంగుల లైట్లు, గాలి మాత్రం పక్క సందుల్లోంచి రావాలి. చంద్రపూర్‌కు జాలీ ముఖం ఉన్న క్యాబినెట్ కావాలి, దాని వెనక ఊడదీసి కడుక్కునే దుమ్ము జల్లెడ ఉండాలి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగి, వెనక ఒకటి బయటికి తోస్తే లోపలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటుంది. అప్పుడు గాలి సందుల్లోంచి బయటికే పోతుంది, దుమ్ము జల్లెడ దగ్గరే ఆగిపోతుంది. నెలకోసారి జల్లెడ కడిగి, బాగా ఆరబెట్టి పెట్టుకోవాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ అరిగిపోతుంది.

చంద్రపూర్ ఉన్న విదర్భలో నీళ్ల కూలర్ లేని ఇల్లు అరుదు. గది పది డిగ్రీలు చల్లబడితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే చల్లబడుతుంది కాబట్టి కూలర్ కంప్యూటర్‌కు మేలే. కానీ కూలర్ గాలికి ఎదురుగా క్యాబినెట్ పెట్టకూడదు. ఆ గాలిలో తేమతో పాటు సన్నటి తుంపర ఉంటుంది, ఉప్పు నీళ్లయితే తుంపరతో ఉప్పూ వస్తుంది. బొగ్గు దుమ్ము పట్టిన బోర్డు మీద తేమ చేరితే కరెంటు వెళ్లకూడని దారిలో వెళ్లే వీలుంటుంది. క్యాబినెట్ గదిలో ఓ మూలకు, నేల నుంచి కాస్త ఎత్తులో ఉంటే చాలు.

వేడి అన్నిటినీ ఒకేలా దెబ్బతీస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. గూగుల్ ఇంజనీర్లు 2007లో లక్షకు పైగా హార్డ్ డిస్కుల మీద జరిపిన పరిశీలనలో, మామూలు వేడికీ డిస్కు పాడవడానికీ అనుకున్నంత సంబంధం కనబడలేదు. బాగా ఎక్కువ వేడిలో, అదీ పాతబడిన డిస్కుల్లోనే తేడా తేలింది. కాబట్టి హార్డ్ డిస్కు కోసం ప్రత్యేక ఫ్యాన్ కొనే డబ్బును ఎస్‌ఎంపీఎస్‌లో కలపడం తెలివైన పని.

ప్రాసెసర్ దగ్గర జరిగే మోసం పేరులోనే ఉంది. ‘ఐ5, 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ’ అని అతి చౌకగా అమ్మే సెట్లలో చాలావాటిలో ఉండేది ఐ5-2400 లాంటి చిప్. అది 2011 జనవరిలో వచ్చింది. కొత్తగా తయారుచేసిన హెచ్61 బోర్డులో దాన్ని కూర్చోబెట్టి అమ్ముతారు. బోర్డు కొత్తదే, అబద్ధం లేదు, కానీ చిప్ పాతదైపోయింది. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందు చిప్‌లలో దాదాపు వేటినీ అధికారికంగా ఒప్పుకోదు. 2022లో వచ్చిన ఐ3-12100 పేరుకు ఐ3 అయినా ఆ పాత ఐ5ని చాలా వెనక్కి నెట్టేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు కొనలేనివాళ్లకు 2021 నాటి రైజెన్ 5 5600జీ మరింత సర్దుబాటు: ఆరు కోర్లు, సొంత గ్రాఫిక్స్, 65 వాట్లు. దానితో కట్టిన కంప్యూటర్ అంతా కలిపి 150 వాట్లు దాటడం కష్టం. 450 వాట్ల మంచి సప్లై సగం బరువు కూడా మోయనక్కర్లేదు కాబట్టి చల్లగా ఉంటుంది.

ఇంటెల్ చిప్ వెంట వచ్చే ఫ్యాన్ బిగించేటప్పుడు ఒకటి చూసుకోవాలి. నాలుగు మూలలా ఉండే గుబ్బలను ఎదురెదురు మూలల వరసలో నొక్కాలి, ఒక్కోటి టక్కుమనాలి. తర్వాత బోర్డు వెనక్కి తిప్పి చూస్తే నాలుగు తెల్లటి కాళ్లూ సమానంగా బయటికి వచ్చి, వాటి మధ్య నల్లటి మేకు కనబడాలి. మూడు బిగిసి ఒకటి బిగవకపోతే ఫ్యాన్ ఓ పక్కకు ఒరిగి, ప్రాసెసర్ నిమిషాల్లో వంద డిగ్రీలకు పోతుంది. కొత్తవాళ్ల చేతుల్లో ‘చిప్ చెడింది’ అని వచ్చే కేసుల్లో చాలా ఇదే.

ఎస్‌ఎస్‌డీల్లో పెట్టె మీద పేరు మారకుండా లోపలి సరుకు మారిపోతుంది. 2021లో క్రూషియల్ పీ2 విషయంలో అదే జరిగింది. మొదట టీఎల్‌సీ చిప్‌లతో సమీక్షకులకు చేరిన మోడల్, తర్వాత నెమ్మదిగా రాసే క్యూఎల్‌సీకి మారింది. కాబట్టి సమీక్ష ఏ తేదీదో చూడాలి. ర్యామ్ సంగతి 2025 చివరి నుంచి పూర్తిగా వేరు. ఏఐ సర్వర్ల గిరాకీతో ధరలు ఎగబాకాయి, ఆ డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే దానికి సరిపోయే, పైన చెప్పిన రైజెన్ కూర్చునే ఏఎం4 బోర్డు తీసుకోవడం ఇప్పుడు నిజమైన పొదుపు.

సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డుల బజారు 2022 సెప్టెంబర్ తర్వాత నిండిపోయింది. గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఎథీరియం క్రిప్టో మైనింగ్ ఆ నెల 15న ఆగిపోవడంతో, పగలూ రాత్రీ తిరిగిన కార్డులు కడిగి అమ్మకానికి వచ్చాయి. పాత జీటీఎస్ 450 చిప్‌కు 1050 టీఐ పేరు రాసి అమ్మేవాళ్లూ ఉన్నారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలా నకిలీల్ని పట్టేస్తుంది, అమ్మేవాడి ముందే నడపాలి. సెకండ్ హ్యాండ్‌లో నిక్కచ్చిగా కొనదగ్గది ప్రాసెసర్. అందులో అరిగే భాగాలు లేవు, పిన్నులు వంగకుండా ఉంటే సాధారణంగా పనిచేస్తుంది. కొనకూడనిది ఎస్‌ఎంపీఎస్.

కొత్త పార్టులకు జీఎస్టీ బిల్లు అడగాలి. బిల్లు లేకుండా తగ్గించే డబ్బు, పార్టు చెడిన రోజున వారంటీ రూపంలో పోతుంది. సర్వీసు కోసం 150 కిలోమీటర్ల దూరంలోని నాగపూర్ పోవాల్సిన ఊళ్లో ఆ కాగితం విలువ మరీ ఎక్కువ. సికింద్రాబాద్‌లో ధర తక్కువని బల్లార్షాలో రైలెక్కేవాళ్లు, ఆ పార్టు వారంటీ నాగపూర్‌లోనూ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

కంప్యూటర్ కట్టిన మొదటి వారంలోనే పరీక్షలన్నీ అయిపోవాలి, ఎందుకంటే దుకాణంవాళ్లు వెంటనే మార్చి ఇచ్చేది ఆ కొద్ది రోజుల్లోనే. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నాలుగు విడతలు నడపాలి. ఒక్క తప్పు కనబడినా, ర్యామ్ మామూలు వేగంలో ఉన్నప్పుడే వచ్చినదైతే, ర్యామ్ మార్చుకోవాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ నడిచిన గంటలు సున్నాకు దగ్గరగా ఉండాలి, వందల్లో ఉంటే అది కొత్తది కాదు. ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి అరగంట ఉంచే పరీక్ష రాత్రి చల్లబడ్డాక కాకుండా మధ్యాహ్నం రెండు గంటలకు, కూలర్ ఆపి చేయాలి. అప్పుడు 90 లోపు నిలిస్తే మే నెలకు భయం లేదు. దాటితే ముందు ఫ్యాన్ కాళ్లు, తర్వాత ప్రాసెసర్‌కూ ఫ్యాన్‌కూ మధ్య పూసే పేస్ట్, చివరగా క్యాబినెట్ ముందు జాలీ చూసుకోవాలి.