పోల్చాల్సింది ఎవరితో?

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి రేడియేషన్, అదే మనవాళ్లు కరెంటు పెట్టించుకోవడం అంటారే, అది అయిన పదేళ్లకి మూత్రాశయంలో మరో క్యాన్సర్ కనిపిస్తే తప్పెవరిది? రేడియేషన్‌దా, వయసుదా, పొగాకుదా? పొగాకు పండించి చుట్టగా కాల్చే ఒంగోలు, కొండపి వైపు ఇది మరీ చిక్కు ప్రశ్న.

ఈ ముడిని పరిశోధకుడు డేవిడ్ బ్రెన్నర్ బృందం 2000లో ‘క్యాన్సర్’ పత్రికలో విప్పిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. రేడియేషన్ తీసుకున్నవాళ్లని మామూలు మగవాళ్లతో పోల్చడం తేలిక. కాని ఒకసారి క్యాన్సర్ బయటపడ్డ మనిషి ఆసుపత్రికి తిరుగుతూనే ఉంటాడు, వెతికేకొద్దీ జబ్బులూ దొరుకుతాయి. అందుకే అదే జబ్బుకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లని ఎదురుగా నిలబెట్టారు. అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీల నుంచి రేడియేషన్ వాళ్లు 51,584 మంది, ఆపరేషన్ వాళ్లు 70,539 మంది.

అసలు పనితనం కాలాన్ని విడగొట్టడంలో ఉంది. రేడియేషన్ వల్ల పుట్టే గడ్డ బయటపడటానికి ఏళ్లు పడుతుంది. ఏళ్లన్నీ కలిపి చూస్తే మరో గడ్డ క్యాన్సర్ వచ్చే అదనపు ముప్పు 6 శాతమే. ఐదేళ్లు దాటి బతికినవాళ్లలో 15, పదేళ్లు దాటితే 34. కలిపేసి ఊరుకుంటే ఈ మెట్లు కనపడేవే కావు. 34 అన్న అంకెతో జనాన్ని హడలగొట్టకుండా, పదేళ్లు దాటినవాళ్లలో 70 మందికి ఒకరికి ఆ అదనపు క్యాన్సర్ అని విడమరిచి చెప్పారు.

లోటు లేకపోలేదు. ఎవరు పొగ తాగేవారో ఆ రిజిస్ట్రీల్లో ఉండదు. ఆపరేషన్‌కి గట్టిగా ఉన్నవాళ్లనే ఎంచుతారు కాబట్టి, పెరిగిందని వాళ్లు చెప్పిన ఊపిరితిత్తుల క్యాన్సర్ లెక్కని నేను పూర్తిగా నమ్మను. మూత్రాశయం, పురీషనాళం మాత్రం కిరణాల దారిలోనే ఉన్నాయి. 2016లో బీఎంజే పత్రికలో 21 అధ్యయనాలు కలిపి చూసిన వాలిస్ బృందానికీ అక్కడే ముప్పు కనిపించింది. రేడియేషన్ వెదజల్లే మూలకాన్ని లోపలే పెట్టే బ్రాకీథెరపీలో ఆ ముప్పు అంత నిలకడగా కనిపించలేదు.

గుంటూరు మిరప కల్లాల్లో ఎండాకాలం మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటారు. అది మూత్రాశయం నుంచి వచ్చే రక్తమూ కావచ్చు కాబట్టి, ఎప్పుడో రేడియేషన్ తీసుకున్న మనిషి అలా ఊరుకోకూడదు. పాత కాగితాలు పట్టుకెళ్లి డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పాలి. ఏ చికిత్సో ఇప్పుడు తేల్చుకునే డెబ్బై ఐదేళ్ల పెద్దాయనకి ఈ లెక్క పెద్దగా అడ్డురాదు. ముందు ఇంకా ఇరవై ఏళ్లున్న యాభై ఐదేళ్ల రైతు మాత్రం సంతకం పెట్టకముందే దీన్ని అడిగి తెలుసుకోవాలి.