డేట్‌లైన్ సూళ్లూరుపేట

శ్రీహరికోటలో రాకెట్టు లేచిన ప్రతిసారీ మా ఊరి పేరు రాష్ట్రమంతా అచ్చవుతుంది. వార్త మొదట్లో బొద్దక్షరాల్లో 'సూళ్లూరుపేట' అని వేస్తారు, అంతే. ఆ తర్వాత ఊరి ఊసుండదు. కాళంగి ఏటి ఒడ్డున మడి ఎండిందో పండిందో, పులికాట్‌లో వల వేసినవాడికి ఏం పడిందో జిల్లా పేజీలో చోటు మిగిలితే వస్తుంది, లేకపోతే లేదు. పేరు మాత్రమే వెళ్లి ఊరు వెళ్లని ఈ లోటు తీర్చే సత్తా మన హైస్కూలు పిల్లలకుంది. వాళ్లకు వార్త రాయడం నేర్పితే చాలు. నేర్పే పద్ధతీ కొత్తది కాదు. మన బడుల్లో ఎప్పటినుంచో ఉంది. దాని పేరు గోడపత్రిక.

సామగ్రి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెండు డ్రాయింగ్ షీట్లు, నాలుగు స్కెచ్ పెన్నులు, వరండాలో ఎండ తగలని గోడ. చరిత్ర కూడా గబగబా చెప్పేస్తాను. మన పత్రికలకూ పలకాబలపాలకూ చుట్టరికం పాతది. 1874లో 'వివేకవర్ధిని' పెట్టిన వీరేశలింగం పంతులుగారు బడిపంతులే. వందేమాతరం గొడవలో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ బయటకు నెట్టేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆ మరుసటి ఏడే 'స్వరాజ్య' వారపత్రికలో రాసిన రాతకు జైలుకెళ్లారు. 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు మద్రాసులో 'బాల' పత్రిక తెచ్చి, పిల్లల రాతలకూ బొమ్మలకూ అందులో పీట వేశారు. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అచ్చయింది అందులోనే. పిల్లాడి రాత చూసి 'పెద్దయ్యాక రాద్దువులే' అని ఆ అన్నయ్యగారు అనుంటే మనకు బుడుగెక్కడ?

ఇక పనితనం. నాకు ముచ్చట తీరనిది ఇక్కడే.

మంచి మాస్టారు మొదటి వారం కలం ముట్టనివ్వరు, అడిగి రమ్మంటారు. చేపల మార్కెట్లో ఈవేళ రొయ్య ధరెంత అని ముగ్గురిని అడిగితే మూడు జవాబులొస్తాయి. అమ్మేవాళ్లది ఒకటి, కొనేవాళ్లది ఒకటి, మధ్య దళారిది మరొకటి. పిల్లలు తెల్లమొహం వేస్తారు. అప్పుడు మాస్టారు, 'మూడూ రాయండి, ఏది ఎవరు చెప్పారో పక్కన రాయండి' అంటారు. పత్రికాఫీసుల్లో దీన్నే వెర్షన్ తీసుకోవడం అంటారు. పదమూడేళ్లకు ఈ ఒక్క అలవాటు పట్టుబడితే ఆ పిల్లను ఎవరూ అంత సులువుగా బుట్టలో వేయలేరు.

మా చెంగాళమ్మ గుడికి తలుపులు లేవు, రేయింబవళ్లు తెరిచే ఉంటుంది. ఇది ఎవరైనా వెళ్లి చూడొచ్చు. ఎందుకు లేవన్నదానికి ఊళ్లో ఒక కథ చెబుతారు. చూసినదాన్ని 'ఉంది' అనీ, విన్నదాన్ని 'అంటారు' అనీ రాయాలి. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు అమ్మవారిని దర్శించుకుంటే అది చూసినది. అమ్మవారి చలవతోనే రాకెట్టు ఎగిరిందంటే అది ఒకరి నమ్మకం, ఆ ఒకరి పేరు రాయాలి. భక్తికి భంగం లేదు, వార్తకు మచ్చ లేదు.

తర్వాత ఇంట్రో, అంటే వార్త మొదటి వాక్యం. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని ఆరు ప్రశ్నలు ప్రపంచమంతా నేర్పుతుంది. తెలుగులో చిక్కేమిటంటే మనకు క్రియ వాక్యం చివర వస్తుంది. ఆరింటినీ ఒకే వాక్యంలో కుక్కితే చదివేవాడు క్రియ దగ్గరకు చేరేలోపు ఆయాసపడతాడు. 'పట్టణంలోని ఉన్నత పాఠశాల ఆవరణలో శుక్రవారం ఉదయం పది గంటలకు ప్రధానోపాధ్యాయుల అధ్యక్షతన మొక్కలు నాటు కార్యక్రమం ఘనంగా నిర్వహించడం జరిగింది.' ఇందులో వార్తేది? 'బడిలో నాటిన వేపమొక్కలకు ఏడాది పొడవునా నీళ్లు పోసే పని తొమ్మిదో తరగతి తీసుకుంది.' ఇదీ వార్త. 'ఘనంగా', 'జరిగింది', 'చేయబడింది' మూడూ బోర్డు మీద రాసి కొట్టేయించే మాస్టారికి నేను మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఈ విద్యలో మనకు దొడ్డ గురువులున్నారు. 1942లో 'ఆంధ్రప్రభ' సంపాదకుడైన నార్ల వెంకటేశ్వరరావు, పండితులు మూతి ముడుచుకున్నా మాట్లాడే తెలుగునే సంపాదకీయానికి ఎక్కించారు. 'ఆంధ్రజ్యోతి'లోనూ అదే పదును. నార్ల వాక్యంలో ఒక మాట తీస్తే కూలుతుంది, ఒక మాట కలిపితే వంగుతుంది. ఈనాడు జర్నలిజం స్కూల్లో బూదరాజు రాధాకృష్ణగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లు ఇప్పటికీ తప్పు వాక్యం రాస్తే వెనక్కి తిరిగి చూసుకుంటారు. మా పాత జిల్లా నెల్లూరు సంగతంటారా! నెల్లూరు వెంకట్రామానాయుడు నడిపిన 'జమీన్ రైతు' ఊరి పత్రిక ఎంత నిలబడగలదో చూపించింది. ఖాసా సుబ్బారావూ ఆ జిల్లావాడే, మద్రాసులో 'స్వతంత్ర' పెట్టి ఇంగ్లీషులో గడగడలాడించారు. గుంటూరు, కృష్ణా వాళ్లు పత్రికలంటే మావేనంటారు. అననివ్వండి.

పాఠం వార్తయితే ఏమవుతుందో చూసిందీ అప్పటి మా నెల్లూరు జిల్లానే. అక్షరదీపం రోజుల్లో వయోజనుల వాచకంలోని 'సీతమ్మ కథ' చదివిన దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మీదకు నడిచారు. ఆ వార్తలు రోజూ పత్రికలకెక్కాయి, ఊరి నుంచి ఊరికి పాకాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. పాఠం చదివినవాళ్లూ, వార్త మోసినవాళ్లూ, ఇద్దరికీ అందులో భాగముంది.

ఫాలోఅప్ నేర్పడానికి శ్రీహరికోటను మించిన బడి ఎక్కడుంది? 2025 జనవరి 29న జీఎస్ఎల్వీ-ఎఫ్15 ఎగిరింది, అక్కడి నుంచి వందో ప్రయోగం. మా మిద్దెల మీద చప్పట్లు, పత్రికల్లో పండగ. నాలుగు రోజులకు ఇస్రో ఇంకో మాట చెప్పింది. ఉపగ్రహం ఎన్‌వీఎస్-02లో కవాటాలు తెరుచుకోలేదు, అనుకున్న కక్ష్యకు చేర్చలేకపోయామని. రాకెట్టు గెలిచింది, ఉపగ్రహం చతికిలబడింది. మొదటి రోజు వార్త అబద్ధం కాదు, కానీ అదే మొత్తం కథ కూడా కాదు. గోడపత్రిక మీద మొదటి వార్త పక్కనే రెండోది అంటించిన పిల్లలకు ఇక వేరే పాఠం అక్కర్లేదు. 1979 ఆగస్టు 10న తొలి ఎస్ఎల్వీ సముద్రంలో పడినప్పుడు విలేకరుల ముందు అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ తానే నిలబడ్డారనీ, 1980 జులై 18న గెలిచినప్పుడు తనను ముందుకు నెట్టారనీ ఆ ప్రాజెక్టు నడిపిన కలాం గారు ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ప్రశ్న అడగడం ఎంత గొప్పో, జవాబు చెప్పడానికి నిలబడటమూ అంతే గొప్పని పిల్లలకు చెప్పడానికి ఈ కథ చాలు.

ఇంకొకటి, చిన్నగా కనబడే పెద్ద సంగతి. పత్రికల్లో కలెక్టరు 'ఆయన', కూలీ 'అతడు'. ఎందుకని పిల్లలే అడుగుతారు. అడిగిన తరగతి తమ గోడపత్రికలో అందరికీ 'ఆయన', 'ఆమె' అనే రాయాలని తీర్మానించుకుంటే, డెస్కుల్లో కూర్చున్న పెద్దలు వచ్చి నేర్చుకోవాలి.

ఇప్పుడు నా కడుపుమంట. పదో తరగతి తెలుగులో సృజనాత్మకత పేరుతో కరపత్రం, లేఖ, ఇంటర్వ్యూ ప్రశ్నలు పెట్టారు. ఎంత మంచి ఆలోచన! దాన్ని గైడ్లు మింగేశాయి. 'ఒక రైతును ఇంటర్వ్యూ చేయడానికి ప్రశ్నలు రాయండి' అంటే, ఆ ప్రశ్నలనే బట్టీ పట్టిస్తున్నారు. రైతు లేడు, పొలం లేదు, ప్రశ్నలు మాత్రం అచ్చుతప్పుతో సహా తరగతంతా ఒకటే! మార్కులు ఫుల్లు. దీనికంటే ఆ ప్రశ్న తీసేయడమే నయం. కార్పొరేటు బడుల సావనీర్లు చూడండి. ఆర్టుపేపరు మీద చైర్మన్ గారి ఫొటోలు, ర్యాంకుల పట్టిక, చివర ఎక్కడినుంచో దింపిన కవితలు. పిల్లవాడి కంటితో చూసిన వాక్యం ఒక్కటుండదు. ఇప్పుడు ఫోన్ను అడిగితే క్షణంలో వ్యాసం రాసిస్తుంది, చేపల మార్కెట్‌కు మాత్రం అది వెళ్లదు. బయట చూస్తే బండికి 'ప్రెస్' స్టిక్కరు, చేతిలో లోగో ఉన్న మైకు, 'షాకింగ్' అని ఒక థంబ్‌నెయిల్. పిల్లలు జర్నలిజం అంటే ఇదేననుకుంటున్నారు. వాళ్ల తప్పేముంది, మనం ఇంకోటి చూపించలేదు.

చూపించాలంటే దూరం పోనక్కర్లేదు. 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు 'నవోదయం' పత్రిక నడిపారు. పల్లెటూరి ఆడవాళ్లే విలేకరులు. ఊరూరా తిరిగి అడిగారు, రాశారు. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లిలో ప్రకృతిబడి నుంచి 'కొత్తపల్లి' పిల్లల పత్రిక వచ్చింది, అందులో పిల్లల రాతలకు పెద్దపీట. పాత్రికేయుడు సాయినాథ్ గారి పల్లె కథనాల వెబ్‌సైట్ 'పరి'లో బడి పిల్లలు రాసిన కథనాలకూ చోటుంది. సూళ్లూరుపేటకు ఏం తక్కువ?

అందుకే అడుగుతున్నాను. 2001 నుంచి మా ఊళ్లో ఫ్లెమింగో పండగ చేస్తున్నారు, కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. వేదిక మీద సినిమా పాటలకు పిల్లల చేత గంతులేయించడం కొంచెం తగ్గించండి. బడికి ఇద్దరి చొప్పున విలేకరి బ్యాడ్జీలివ్వండి. నేలపట్టు పక్షుల కేంద్రంలో నీటి కడపచెట్ల మీద గూళ్లు కట్టిన గూడబాతుల లెక్క ఎలా తీశారో అటవీశాఖ వాళ్లను అడగనివ్వండి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమంటారు కదా, నిజమేనా అని ఆ నీళ్లు పారించుకునే రైతును అడగనివ్వండి. చివరి రోజు అధికారుల విలేకరుల సమావేశంలో ముందు వరస కుర్చీలు వాళ్లకు వదలండి. మొదటి ప్రశ్న ఏమడుగుతారో నాకు తెలుసు. పడవలున్న ఇళ్ల పిల్లలు కదా, రాయదొరువు దగ్గర పులికాట్ ముఖద్వారం పూడిక ఎప్పుడు తీస్తారనే అడుగుతారు.