కనక వేరు, రాజు వేరు

ఈ వారం ఒక సభ ఫ్లెక్సీ మీద ‘పద్మశ్రీ గుస్సాడి కనకరాజు’ అని చూసి చిరాకేసింది. 2021లో పద్మశ్రీ అందుకున్న ఆ మార్లవాయి గోండు గుస్సాడి నృత్య కళాకారుడి పేరు రాజు. కనక ఆయన ఇంటిపేరు. మడావి, ఆత్రం, తొడసం ఎట్లాగో అదీ అట్లాగే. రెండూ కలిపి రాస్తే ఇంటిపేరు కాస్తా గల్లంతయింది, బంగారం మాత్రం మిగిలింది.

నాకు ఇంటిపేర్ల పిచ్చి. ఎవరైనా ఇంటిపేరు చెప్పగానే ఆ పేరున్న ఊరు ఏ తాలూకాలో ఉందని అడుగుతాను. మన వంగర పీవీ నరసింహారావు ఇంటిపేరు పాములపర్తి; ఆ పేరుతో ఊరూ ఉంది. కరీంనగర్ పక్క ఈ లెక్క చాలాసార్లు కుదురుతుంది. గోదావరి దాటితే కుదరదు.

ఒకసారి కేస్లాపూర్ నాగోబా జాతరలో ఒక మెస్రం పెద్దమనిషిని అడిగాను: “దాదా, మెస్రం అంటే ఏంది?” ఆయన నన్ను ఎగాదిగా చూసి, “మాది ఏడు దేవుళ్ల సగ” అన్నాడు. అడిగిందొకటి, చెప్పిందొకటి అనుకున్నాను అప్పుడు. తర్వాత తెలిసింది: గోండుల ఇంటిపేర్లన్నీ నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగల కింద సర్దుకుంటాయి. మెస్రం, మడావి రెండూ ఏడు దేవుళ్లవే కాబట్టి అన్నదమ్ములు. వాళ్ల మధ్య పిల్లనిచ్చుకోరు. ఆత్రం ఆరు దేవుళ్లది, అక్కడ సంబంధం కుదుర్చుకోవచ్చు. పుష్య అమావాస్యకు మెస్రం వాళ్లు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు మోసుకొచ్చి నాగోబాను అభిషేకిస్తారు. కొత్త కోడళ్లను దేవుడి ముందు నిలబెట్టి పరిచయం చేస్తారు, దాన్ని భేటింగ్ అంటారు. మనింట్లో కోడలి ఇంటిపేరు మారాలంటే ఆధార్ సెంటరుకు పోవాలి.

కుమ్రం, కొమురం, కొమరం అని గోండు వీరుడు భీం ఇంటిపేరునే తలో తీరు రాస్తున్నాం. 2016లో ఆయన పేరుతో జిల్లా వచ్చినా తీరు మారలేదు. దీని మీద ఒక ఘాటు కాలమ్ రాద్దామనే కూర్చున్నాను. కానీ పెళ్లి మాటల్లో ఏ గోండు పెద్దా స్పెల్లింగ్ అడగడు, ఎన్ని దేవుళ్లని అడుగుతాడు. దానికి జవాబు సర్టిఫికెట్లో ఉండదు. కీక్రి వాయిస్తూ వంశకథ పాడే ప్రధాన్‌కు తెలుసు. ఆ పాట సాగినన్నాళ్లు ఫ్లెక్సీలో ఎట్లా రాస్తే ఏంది? ఇక అక్షరాలు దిద్దడం మానేసి, ఏ ప్రధాన్ ఏ ఇంటివాళ్ల కథ పాడతాడో, తన పిల్లలకు నేర్పుతున్నాడో లేదో కనుక్కోవాలనుంది.