ఆయమ్మ నాయకురాలు కాదా? వాడ పిల్లలు, మన నాయకత్వ చరిత్ర

వాడలో నాయకుడంటే ఎవరు? మైకు ముందు మాట్లాడేవాడు, మెడలో దండ పడినవాడు, తీర్మానం కింద సంతకం పెట్టినవాడు. మన దళిత చరిత్ర రచన కూడా చాలావరకు ఈ లెక్కనే నడిచింది. సభలు, అధ్యక్షులు, ఎన్నికల చుట్టూ అల్లిన ఈ చరిత్రలో అయిదేండ్లలోపు పిల్ల కనపడదు. ఆ పిల్లకు గంజి తాగించి, తల్లి కూలి నుంచి వచ్చేదాకా చూసుకున్న మనిషి అసలే కనపడదు. ఈ లోపం మీదనే మా విమర్శ.

మేం బడికి పోయిన మొదటి తరం. మా అమ్మలు నాట్లకు, కలుపులకు పోతే మమ్మల్ని కాసింది వాడలోని ముసలమ్మలు. తర్వాత అంగన్‌వాడీ వచ్చింది. వచ్చింది ఊరికే గాని వాడకు కాదు. ఊరి నడిమధ్య ఎవరిదో వరండాలో పెట్టారు. మేం మెట్ల కింద కూర్చునేవాళ్లం. మా వాడ నుంచి ఆయమ్మగా పోయినామె నీళ్లు మోసేది, పొయ్యి రాజేసేది, వాకిలి ఊడ్చేది. ఉప్మా గరిటె మాత్రం ఆమె చేతికి ఇచ్చేవాళ్లు కాదు. అయినా పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని లేపి, ముక్కులు తుడిచి, చిన్నోళ్లను చంకనెత్తుకుని ఊళ్లోకి నడిపించింది ఆమెనే. మా పేర్లు బడి రిజిస్టరులోకి ఎక్కేదాకా వదలంది ఆమెనే. ఇయ్యాల మేం పరిశోధకులమని రాసుకుంటున్నామంటే దాని వెనక ఆ నడక ఉంది. ఆమె పేరు ఏ సంఘం చరిత్రలోనూ లేదు.

ఇట్ల చూస్తే మనం గొప్పగా చెప్పుకునే నాయకుల్ని కూడా మళ్లీ చదవాల్సి వస్తుంది. భాగ్యరెడ్డి వర్మ (1888-1939) అనగానే మనకు గుర్తొచ్చేది 1917 బెజవాడ సభ. 'పంచమ' అనే పేరును తోసిపుచ్చి 'ఆది ఆంధ్ర' అని నిలబడిన సభ అది. దాని విలువను మేం తక్కువ చెయ్యటం లేదు. కానీ దానికి ఏడేండ్ల ముందే, 1910లో, ఆయన హైదరాబాద్‌లో బడి మొదలుపెట్టారు. ఉర్దూ ఏలుతున్న నగరంలో మన పిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడులు ఒక్కొక్కటిగా పెరిగి ఇరవై దాటాయి. 1930లలో నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. ఆడపిల్లల్ని దేవుడి పేరిట మురళీలుగా, జోగినులుగా విడిచే దురాచారం మీద 1920లలో ఆయన ప్రత్యేకంగా ఒక సంఘమే పెట్టారు. జోగిని వ్యవస్థను నిషేధించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది 1988లో! సభ మూడు రోజుల్లో ముగుస్తుంది. పలకా బలపం, బడికి గది, పంతులుకు జీతం, బిడ్డను పనికి పంపే తండ్రిని ఒప్పించటం - ఇది రోజూ ఉండే పని. మన చరిత్రకారులు సభకు పేజీలిచ్చి ఈ పనికి ఒక వాక్యం ఇచ్చారు.

అయితే ఆ సంస్కరణను పొగిడి ఊరుకుంటే కుదరదు. అందులో ఒక చిక్కు ఉంది. తాగుడు మానండి, మాంసం మానండి, చిన్నపిల్లలకు పెండ్లి చెయ్యకండి, అప్పులు చేసి విందులు పెట్టకండి అన్న బోధలో మంచి ఉంది. కానీ వాడ పిల్ల బక్కచిక్కటానికి కారణం ఇంట్లోనే ఉందన్న మాట కూడా అందులో దాగి ఉంది. పొద్దుగూకేదాకా దొర పొలంలో వెట్టి చేసే తల్లి బిడ్డకు పాలెప్పుడివ్వాలె? మాంసం కూడా మానమంటే ఆ బిడ్డకు బలమెక్కడిది? దోషం కుల వ్యవస్థది, బోధ మాత్రం తల్లికి!

అంబేద్కర్ ఈ ప్రశ్నను వేరే చోట నిలబెట్టారు. 1928 జూలైలో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును ఆయన సమర్థించారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకటం దేశానికే మేలు, ఆ భారాన్ని ప్రభుత్వం మొయ్యాలన్నది ఆయన వాదన. తల్లికి కావాల్సింది కూలి పోకుండా కొన్నాళ్ల తెరిపి అని అర్థం. ఆ బిల్లు ఫ్యాక్టరీ ఆడవాళ్లది. 1961లో దేశమంతటికీ ప్రసూతి చట్టం వచ్చినా పొలంలో వంగి నాటేసే మన తల్లి దాని బయటనే ఉండిపోయింది. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలన్నది. 2017లో వచ్చిన పథకం దాన్ని మొదటి కాన్పుకు 5,000గా కుదించింది.

1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఈ రెండు దారుల మధ్య ఊగుతూనే ఉంది. ఒక చేత్తో తిండి పెడుతుంది, ఇంకో చేత్తో 'తల్లులకు అవగాహన లేదు' అని రాస్తుంది. వాడ పిల్లకు అన్నిటికన్నా ముందు అడ్డమొచ్చేది దూరం. ఆ దూరాన్ని కొలవాల్సింది అడుగులతో కాదు, కులంతో. మూడేండ్ల పిల్ల ఒక్కతే ఊరి నడివీధి దాటి పోదు. ఈ సంగతి తిండి హక్కు కేసుగా సుప్రీంకోర్టు దాకా పోయింది. ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నిటిలో అంగన్‌వాడీలు పెట్టాలని 2004 అక్టోబర్‌లో కోర్టు ఆదేశించింది. ఆరేండ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న చోట అడిగిన మూడు నెలల్లో కేంద్రం తెరవాలని 2006 డిసెంబర్‌లో చెప్పింది. బడి మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో చెప్పిందీ ఈ కేసులోనే. గరిటె ఎవరి చేతిలో ఉండాలన్నది వంటింటి ముచ్చట కాదని దానితో తేలింది.

కానీ ఆదేశం తనంత తానుగా వాడకు నడిచిరాదు. నలభై మంది పిల్లల పేర్లు రాయాలి, తల్లుల వేలిముద్రలు పెట్టించాలి, మండలాఫీసు చుట్టూ తిరగాలి. ఆ తిరిగే మనిషినే మేం నాయకురాలు అంటున్నాం.

ఈ పని చేసేవాళ్లకు సర్కారు జీతం ఇవ్వదు, 'గౌరవ వేతనం' ఇస్తుంది. పేరులోనే గౌరవం, సంచిలో కూలి కూడా నిండదు. కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 డిసెంబర్ 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. కనీస వేతనం, గ్రాట్యుటీ అడిగితే 2024 జనవరిలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. సేవ అత్యవసరమట, ఆ సేవ చేసే మనిషి మాత్రం ఉద్యోగి కాదట!

ఆ 42 రోజులు మనమేం చేశాం? అది యూనియన్ల గొడవ అనుకున్నవాళ్లు మనలో తక్కువ లేరు. కార్మికోద్యమం ఆమె జీతాన్ని చూసింది, స్త్రీవాదం ఆడతనాన్ని చూసింది, మనం పదవుల్ని, రిజర్వేషన్లను చూస్తూ కూర్చున్నాం. ఆయాలందరూ దళితులేనని మేం అనటం లేదు. కానీ మా వాడ ఆయమ్మలో కార్మికురాలు, ఆడది, అంటరానిది ముగ్గురూ ఒకే ఒంట్లో ఉన్నారు. ముగ్గుర్నీ కలిపి చూడాల్సింది మనం కాక ఇంకెవరు?

పిల్లల పనిని నాయకత్వం అంటే ఆడవాళ్లను మళ్లీ పొయ్యి దగ్గరకే తోసినట్టు కాదా అని కొందరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈశ్వరీబాయి (1918-1991) జీవితం దానికి జవాబు. పసిబిడ్డతో ఒంటరిగా నిలబడి టీచరుగా బతికారు. సికింద్రాబాద్‌లో గీతా విద్యాలయం పెట్టారు. 1967లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచారు. బడి నుంచి అసెంబ్లీకి పోయిన దారి ఆమెది ఒకటే దారి. మొదటి సగాన్ని చెరిపేసి రెండో సగాన్నే చరిత్ర అనటం మన తప్పు.

కాబట్టి వాడవాడకూ పోయి ఆయమ్మల కథలు వాళ్ల నోటి మాటల్లోనే రాసుకోవాలి. మన సంఘాల తీర్మానాల్లో అంగన్‌వాడీ వాడలో ఉండాలన్న డిమాండు మొదటి వరుసకు రావాలి. మా ఆయమ్మకు అక్షరం రాదు. కానీ ఏ ఇంట్లో ఏ పిల్ల ఏ కరువు ఏడు పుట్టిందో, ఎవరికి తట్టు పోసిందో, ఎవరు బడి మానేసి జీతమున్నారో అన్నీ ఆమెకు నోటికొచ్చు. ఆమె పోయిననాడు అదంతా ఆమెతోనే పోతుంది. దాన్ని రాసుకోని చదువు మనకెందుకు?